పీఠం వద్దన్న కెప్టెన్

(అమలాపురంలో ఒక గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రం కుదించాం. చివర సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

సభకు నమస్కారం. సైన్స్ ఫిక్షన్ టెలివిజన్‌లో మతం, నాస్తికత్వం, మానవవాదం. ఇదీ ఇవాళ నాకిచ్చిన విషయం. రాకెట్లకీ దేవుడికీ సంబంధం ఏవిటని ఇందాక వరండాలో ఒకరిద్దరు పెద్దలు అడిగారు. చాలా ఉందండి. ఆ సీరియళ్ళలో మంచివి అనదగ్గవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఈ విషయం దగ్గరికి రాక తప్పలేదు. కొత్త గ్రహం మీద కాలు పెట్టగానే అక్కడివాళ్ళు దేనికి మొక్కుతున్నారో చూడాల్సొస్తుంది. మన చేతిలో ఉన్న యంత్రాలు చూసి వాళ్ళు మనకే మొక్కితే ఏం చెయ్యాలో తేల్చుకోవాల్సొస్తుంది.

దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదం పెట్టుకోవడానికి నేను రాలేదు. అది మన రచ్చబండల మీద తాతల నాటి నుంచీ నడుస్తోంది, ఇంకా నడుస్తుంది. నేను మానవవాదిని, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అది దాచుకోను. కానీ ఈ కథలు ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న వేరే ఉంది, నాకు అదే పెద్దదనిపిస్తుంది. చేతిలో శక్తి ఉన్నవాడికి జనం పీఠం వేస్తే వాడు ఎక్కి కూర్చుంటాడా, వద్దని దిగుతాడా?

స్టార్ ట్రెక్‌తో మొదలుపెడదాం. అంతరిక్ష నౌకలో గ్రహాలు తిరిగే మనుషుల కథలున్న సీరియల్ అది. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో మొదలైంది. దాన్ని సృష్టించిన జీన్ రాడెన్‌బెరీ బాప్టిస్టు కుటుంబంలో పెరిగాడు. పెద్దయ్యాక ఆ నమ్మకం వదిలేశాడు. అమెరికన్ హ్యూమనిస్ట్ అసోసియేషన్‌లో సభ్యుడు. 1991లో పోయాడు. ఆయన ఊహించిన భవిష్యత్తులో భూమి మీద ఆకలి లేదు, దేశాల మధ్య యుద్ధాల్లేవు. నౌకని నడిపే గదిలో నల్లజాతి స్త్రీ ఉంది, ఆసియా మూలాల మనిషి ఉన్నాడు. అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకున్న రోజుల్లో, రెండో సీజన్ నుంచి ఒక రష్యన్ కుర్రాణ్ణి కూడా తెచ్చి కూర్చోబెట్టాడు.

ఇలాంటి కల మనకి కొత్తదేం కాదు. 1910లో హేలీ తోకచుక్క కనిపించినప్పుడు గురజాడ ‘ముత్యాల సరములు’ రాశారు. తోకచుక్క అరిష్టమని జనం భయపడుతుంటే ఆయన దాన్ని సంఘ సంస్కరణకి ఎత్తిన పతాకంగా చూశారు. ‘మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటి నిలిచి వెలుగును’ అన్నది ఆ గేయంలోని మాటే. ఆకాశంలో తిరిగే ఒక వస్తువు, దాన్ని చూసి భయపడొద్దని చెప్పే మనిషి, లోకమంతా ఒకే ఇల్లయ్యే రోజు. స్టార్ ట్రెక్ కంటే 56 ఏళ్ళ ముందు తెలుగులో ఈ ఊహ ఉంది. ఈ హాల్లో ఉన్న పిల్లలకి ఇది తెలియాలని ప్రత్యేకంగా చెప్తున్నాను.

అయితే ఆ మొదటి స్టార్ ట్రెక్‌లో నాకు ఒక పేచీ ఉంది. అందులో దేవుళ్ళు చాలామంది కనిపిస్తారు, అందరూ చివరికి నకిలీలుగానే తేలతారు. ఒక ఊరు లాండ్రూ అనే మహాత్ముడి మాట జవదాటదు, చూస్తే అది కంప్యూటర్. ఇంకో గ్రహంలో వాల్ అనే దేవుడికి రోజూ నైవేద్యం పెడతారు, అదీ యంత్రమే. బాగానే ఉంది. కానీ 1968లో వచ్చిన ఒక కథలో బానిసలు సూర్యుణ్ణి పూజిస్తున్నారని మనవాళ్ళు అనుకుంటారు. చివరికి వాళ్ళు కొలిచేది సూర్యుణ్ణి కాదు, క్రీస్తునే అని తెలిసేసరికి అందరి మొహాల్లో వెలుగు. అంటే ఇతరుల దేవుణ్ణి విప్పి చూస్తే లోపల తీగలు, మన దేవుణ్ణి మాత్రం విప్పి చూడం! ఆ రోజుల్లో అమెరికన్ టీవీలో అంతకంటే కుదరదని అంటారు. కుదరకపోవచ్చు. కానీ పరీక్ష అందరికీ ఒకటే అయితేనే దాన్ని హేతువాదం అంటాం.

అదే సీరియల్లో 1967లో వచ్చిన అపోలో కథ మాత్రం వేరే రకం. గ్రీకుల దేవుడు అపోలో ఒక గ్రహం మీద ఒంటరిగా మిగిలి ఉంటాడు. కెప్టెన్ కర్క్‌నీ అతని మనుషుల్నీ పట్టుకుని, ఇక్కడే ఉండి గొర్రెలు మేపుకుంటూ నన్ను కొలవండి, మిమ్మల్ని చల్లగా చూస్తానంటాడు. వీళ్ళు ఒప్పుకోరు. అతని శక్తికి మూలమైన గుడిని నౌకలోంచి ఆయుధంతో కాల్చేస్తారు. అపోలో ఏడ్చి, గాలిలో కలిసిపోతాడు. అంతటితో ఆపేస్తే మామూలు కథే. కానీ అప్పుడు డాక్టర్ మెకాయ్, మనం ఈ పని చెయ్యకుండా ఉంటే బావుండేదంటాడు. కర్క్ కూడా నాకూ అలాగే ఉందంటాడు. ఆ గ్రీకు దేవుళ్ళ చుట్టూనే గదా మన నాగరికతలో ఎంతో భాగం పెరిగింది, పూజకి గుప్పెడు లారెల్ ఆకులు ఏరి ఇచ్చి ఉంటే మనకి పోయేదేముంది అంటాడు. మొక్కడానికి ఒప్పుకోని మనిషికి కృతజ్ఞత లేకుండా పోదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక అసలు కథకొస్తాను. రెండో తరం స్టార్ ట్రెక్ 1987లో మొదలైంది. నేను చెప్పేది 1989లో వచ్చిన ఎపిసోడ్. మింటాకా అనే గ్రహం. అక్కడివాళ్ళు కంచుయుగం దశలో ఉన్నారు, బాణాలతో వేటాడతారు, నేత నేస్తారు. అతీత శక్తుల మీద నమ్మకాల్ని వేల ఏళ్ళ క్రితమే వదిలేశారు. వాళ్ళని చాటు నుంచి గమనిస్తున్న శాస్త్రజ్ఞుల తెర ఒకటి చెడిపోతుంది. లైకో అనే మనిషి తొంగి చూసి, కరెంటు దెబ్బ తిని కొండ మీంచి పడిపోతాడు. ఓడలో డాక్టరు వైద్యం చేసి బతికిస్తుంది. అతను మధ్యలో కళ్ళు తెరిచి చూసేసరికి అందరూ పికార్డ్ అన్న పేరుతో పిలుస్తున్న నౌక కెప్టెన్ కనిపిస్తాడు. ఊరికి తిరిగెళ్ళి, చచ్చిపోయిన నన్ను పికార్డ్ బతికించాడు, పాత కథల్లో మన పెద్దలు చెప్పిన పైవాడు ఆయనే అని చెప్తాడు.

ఒక్క రోజులో అక్కడ మతం పుట్టేస్తుంది. ఉరిమితే పికార్డ్‌కి కోపం వచ్చిందంటారు. ఆ కోపం తగ్గించడానికి ఒక మనిషిని చంపాలా అన్న దాకా పోతుంది. అప్పుడు శాస్త్రజ్ఞుల పెద్ద కెప్టెన్ పికార్డ్‌కి ఒక సలహా ఇస్తాడు. ఎలాగూ నమ్మేశారు, మీరే దిగి వెళ్ళి నాలుగు మంచి నియమాలు చెప్పండి, లేకపోతే ఈ మతం రక్తపాతానికి దారితీస్తుందంటాడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మంచి ఉద్దేశంతో దేవుడి వేషం కట్టమంటున్నాడు. పికార్డ్ ససేమిరా అంటాడు. వేల ఏళ్ళు కష్టపడి భయంలోంచి బయటపడ్డ జాతిని మళ్ళీ ఆ చీకట్లోకి నేను తొయ్యనంటాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. ఆ ఊరి పెద్ద న్యూరియాని నౌక మీదికి తీసుకొస్తాడు. కిటికీలోంచి ఆమె గ్రహాన్ని ఆమెకే చూపిస్తాడు. ఆమె కాళ్ళ మీద పడబోతే లేపుతాడు. ఒకప్పుడు మీవాళ్ళు గుహల్లో ఉండేవాళ్ళు కదా, ఆ గుహల్లోని మనిషి ఇవాళ నీ చేతిలో విల్లు చూస్తే నిన్నేమనుకుంటాడు అని అడుగుతాడు. ఆమె ఆలోచిస్తుంది. అర్థమైనట్టే ఉంటుంది. మరుక్షణం, అయితే వరదలో పోయిన మా వాళ్ళని బతికించండి అంటుంది. ఆయన గుండె జారిపోతుంది. అప్పుడే వైద్యశాలలో ఒక మనిషి చావుబతుకుల్లో ఉందని కబురొస్తుంది. న్యూరియాని అక్కడికే తీసుకెళ్తాడు. ఆమె కళ్ళముందే, ఇన్ని యంత్రాల మధ్య, డాక్టరు శాయశక్తులా ప్రయత్నిస్తుండగానే ఆ మనిషి ప్రాణం పోతుంది. పికార్డ్ మొహంలో దుఃఖం చూశాక న్యూరియాకి అసలు సంగతి తెలుస్తుంది. నేను దేవుణ్ణి కానని ఎంత చెప్పినా నమ్మని మనిషి, ఆయన చేతకానితనం చూసి నమ్మింది. తన హద్దుని దాచకుండా చూపించడమే ఆయన ఆమెకిచ్చిన గౌరవం.

లైకో మాత్రం నమ్మడు. అతని బాణం తగిలి కెప్టెన్ భుజంలోంచి రక్తం కారాక గానీ అతనికి తెలిసిరాదు. చివరికి వెళ్ళిపోయే ముందు న్యూరియా ఆయనకి తమ నేత గుడ్డ ఒకటి ఇస్తుంది. ఆయన కళ్ళకద్దుకున్నంత గౌరవంగా అందుకుంటాడు. తర్వాతి ఎపిసోడ్లలో ఆయన గదిలో కుర్చీ మీద ఆ గుడ్డ కనిపిస్తుంటుంది, చూసేవాళ్ళు చూడండి. పీఠం వద్దన్నాడు, శాలువా పుచ్చుకున్నాడు!

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. కోనసీమలో ఏ ఊరి సెంటర్లో చూసినా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. మే 15న దండలు వేస్తాం. కొన్ని ఇళ్ళల్లో దేవుడి పటాల సరసన ఆయన పటం ఉంటుంది. గోదావరి స్నానం చేస్తూ పండితులు చదివే శ్లోకం మీలో చాలామందికి నోటికొచ్చు: ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః, స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం’. పరాయి దేశం మనిషి, పరాయి మతం మనిషి, మనల్ని ఏలిన కంపెనీ ఉద్యోగి. ఆయన్ని భగీరథుణ్ణి చేశాం. బయటివాళ్ళు ఇది చూస్తే మింటాకా కథే అనుకుంటారు. యంత్రం తెచ్చిన తెల్లవాణ్ణి అమాయక జనం దేవుణ్ణి చేశారంటారు.

నేనలా అనుకోను. 1832-33 కరువు ఏం చేసిందో ఇక్కడి పాత తరాలకి తెలుసు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆనకట్ట లేచింది. రాళ్ళు మోసింది మన కూలీలు. పక్కన నిలబడి పని నడిపించినవాళ్ళలో వీణెం వీరన్న గారు ఉన్నారు. అంతులేని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాత కట్టడాల్ని చూసే నేర్చుకున్నామని కాటనే రాశాడు. పికార్డ్ న్యూరియాకి చెప్పింది ఇదే కదండీ. ఒకరి తర్వాత ఒకరు నేర్చుకుంటూ రావడమే తప్ప ఇందులో మాయ లేదని. మన రైతుకి ఇదంతా తెలుసు. ఏ లాకు ఎప్పుడు ఎత్తుతారో, కాలువలు ఎప్పుడు కట్టేస్తారో, వంతులవారీ నీళ్ళు ఎన్ని రోజులో అతనికి తెలుసు. కాటన్ దొర మెళ్ళో దండ వేసిన చేత్తోనే, శివారు భూములకి నీళ్ళు అందలేదని కాగితం పట్టుకుని ఇరిగేషన్ ఆఫీసుకెళ్ళి ఇంజనీరుని నిలదీస్తాడు. దేవుణ్ణి నిలదీసేవాడు అరుదు. ఇంజనీరుని నిలదీస్తున్నాడంటే అతని దృష్టిలో అది మనిషి చేసిన పని, మనిషే జవాబు చెప్పాల్సిన పని. ఆ దండ లారెల్ ఆకుల్లాంటిది. అపోలోకి ఇవ్వనందుకు కర్క్ నొచ్చుకున్నాడే, ఆ ఆకులు.

పీఠం దిగనివాళ్ళ కథ కూడా ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. స్టార్‌గేట్ ఎస్‌జీ-1, 1997 నుంచి 2007 దాకా పది సీజన్లు నడిచింది. మనుషుల శరీరాల్లో దూరే పురుగుల్లాంటి జీవులు రా, అపోఫిస్ లాంటి ఈజిప్టు దేవుళ్ళ పేర్లు పెట్టుకుని గ్రహాల్ని ఏలుతుంటాయి. నిర్‌ఋతి పేరుతో కూడా ఒకత్తె ఉంది. అందులో టీల్క్ అనే సేనాని పాత్ర నాకిష్టం. తను కొలిచేది దేవుణ్ణి కాదని ఏనాడో తెలుసు, తెలిసీ కొలిచాడు, ఎందుకంటే ఎదిరించి గెలిచేవాడు కనిపించలేదు. మొదటి కథలోనే ఆ రోజు వస్తుంది, చెరలో ఉన్నవాళ్ళ మీదికి ఎత్తమన్న ఆయుధాన్ని తోటి సైనికుల మీదికే తిప్పుతాడు. ఇలా తెలిసీ తలవంచే జనం ప్రతి కాలంలోనూ ఉంటారు. నమ్మకం కంటే భయం ఎక్కువ పీఠాల్ని మోస్తుంది.

స్టార్ ట్రెక్ కుటుంబంలోదే ఇంకో సీరియల్, డీప్ స్పేస్ నైన్ దగ్గర నేను కాసేపు ఆగాలి. 1993 నుంచి 1999 దాకా వచ్చింది. బేజోర్ అనే గ్రహం వాళ్ళని కార్డేసియన్లు దశాబ్దాల పాటు బానిసలుగా ఏలి వెళ్ళిపోయారు. బేజోరన్లకి దేవుళ్ళున్నారు, వాళ్ళని ప్రవక్తలంటారు. ఆ దేవుళ్ళు నిజంగానే ఉన్నారు! అంతరిక్షంలోని ఒక బిలంలో ఉంటారు. వాళ్ళకి కాలం ముందువెనకలుగా సాగదు. శాస్త్రజ్ఞులు వాళ్ళని గ్రహాంతరవాసులంటారు, బేజోరన్లు దేవుళ్ళంటారు. చూసే వస్తువు ఒకటే.

మొదటి సీజన్ చివరి కథ ఒక బడిలో జరుగుతుంది. కీకో అనే టీచరు పిల్లలకి ఆ బిలం ఎలా ఏర్పడిందో పాఠం చెప్తుంటే విన్ అనే మతాధికారిణి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఆమె గొంతు ఎంత మెత్తగా ఉంటుందో చెప్పలేను. అది దివ్యమందిరం అని పిల్లలకి చెప్పమంటుంది. కీకో చెప్పనంటుంది. మర్నాటికి సగం పిల్లలు బడికి రారు, కొట్లలో సరుకు అమ్మరు, చివరికి బడిలో బాంబు పేలుతుంది. ఇక్కడ నా పక్షం మొహమాటం లేకుండా చెప్తాను. కీకోదే న్యాయం. బడిలో పాఠం రుజువు మీద నిలబడాలి, ఏ మతం పెద్ద గుమ్మంలో నిలబడ్డా సరే.

కానీ ఆ కథలోనే ఇంకో మాటుంది. అక్కడి అంతరిక్ష కేంద్రాన్ని నడిపే కమాండర్ సిస్కో కొడుకు జేక్ ఇదంతా విని, ఇదంతా తెలివితక్కువతనం నాన్నా అంటాడు. సిస్కోకి ఆ నమ్మకం లేదు. అయినా కొడుకుని ఆపుతాడు. బానిసత్వంలో వాళ్ళని నిలబెట్టింది ఆ నమ్మకమేరా, నువ్వు వాళ్ళని అలా తీసిపారేస్తే అటు పక్కన విన్ చేసిందే నువ్వు ఇటు పక్కన చేస్తున్నట్టు అంటాడు. నాస్తికుల ఇళ్ళల్లో ప్రతి తండ్రీ కొడుక్కి చెప్పాల్సిన మాట ఇది.

ఎందుకంటే మన డెల్టాలో కూడా ఈ చరిత్ర ఉంది. 1836లో వచ్చిన మిషనరీలు నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. తర్వాత రాజమండ్రి చుట్టూ లూథరన్ మిషన్. గుడిలోకి రానివ్వని, నూతిలో చేద వెయ్యనివ్వని పేటల్లో మనుషులకి చర్చి ఒక పేరుపెట్టి పిలిచింది, పలక చేతికిచ్చింది. ఆ నమ్మకం నాది కాదు. కానీ ఆ పలక పట్టుకున్న ముత్తవ్వ మనవరాలు ఇవాళ డాక్టరయితే, ఆ ముత్తవ్వ ప్రార్థనని వెక్కిరించే హక్కు నాకెక్కడిది? కందుకూరి వీరేశలింగం గారి సంగతీ అంతే. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరంతా వెలేసినంత పని చేసింది. ఆయన నాస్తికుడు కారు, ఒకే దేవుణ్ణి నమ్మిన మనిషి. చిన్నపిల్లల కన్నీళ్ళు ఆయనకి శాస్త్రాల కంటే పెద్దవిగా కనిపించాయి. మానవవాదానికి హక్కుదారులు నాస్తికులు ఒక్కరే అని నేను ఎప్పుడూ అనను.

బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా. 2003లో మినీ సిరీస్‌గా మొదలై 2009లో ముగిసిన కొత్త రూపం గురించి చెప్తున్నాను. మొదలయ్యే సంగీతం విని చాలామంది తెలుగువాళ్ళు ఉలిక్కిపడతారు, అది మన గాయత్రీ మంత్రం. మనుషులు చాలామంది దేవుళ్ళని కొలుస్తారు, మనుషులు తయారుచేసిన యంత్రాలు ఒకే దేవుణ్ణి కొలుస్తాయి. ఆ ఒక్క దేవుడి పేరు మీదే మనుషుల్ని ఊచకోత కోస్తాయి. దాదాపు 50 వేల మంది మిగులుతారు. శవాల ముందు కమాండర్ అడామా మాట్లాడతాడు. జనం మొహాల్లో జీవం లేదు. అప్పుడతను పురాణాల్లో ఉన్న భూమి అనే చోటు ఎక్కడుందో నాకు తెలుసు, తీసుకెళ్తానంటాడు. జనం లేచి నిలబడతారు. తర్వాత అధ్యక్షురాలు రోస్లిన్ అతని గదికొచ్చి, నీకేం తెలీదు కదూ అని అడుగుతుంది. తెలీదంటాడు. బతకాలంటే వాళ్ళకి ఏదో ఒకటి కావాలి, అది భూమే కానీ అంటాడు.

ఆలోచించండి. దేవుళ్ళని నమ్మని మనిషి, పికార్డ్ చెయ్యనన్న పనే చేశాడు. అతన్ని నేను తప్పుపట్టలేను, మెచ్చుకోనూ లేను. ఆ సీరియల్ గొప్పతనం అంతా ఆ అబద్ధం ఖరీదుని ఏళ్ళ తరబడి లెక్కగట్టడంలో ఉంది. చివరికొచ్చేసరికి మాత్రం అన్నీ ఒక అదృశ్య హస్తం ముందే రాసిపెట్టిందని తేల్చేశారు. నాకు చాలా కష్టమనిపించింది. మనుషులు చేసిన తప్పులకీ త్యాగాలకీ మనుషులే జవాబుదారులని అన్నేళ్ళు చూపించి, ఆఖరి గంటలో ఆ బరువుని పైవాడి నెత్తిన పెట్టేస్తే ఇక ఆ త్యాగాలకి విలువెక్కడ?

బాబిలోన్ 5 రాసిన స్ట్రాజిన్‌స్కీ నాస్తికుడు. మతాన్ని అంత మర్యాదగా చూపించిన సీరియల్ ఇంకోటి నేను చూళ్ళేదు. 1994లో ఒక కథలో అన్ని గ్రహాలవాళ్ళూ తమ తమ ప్రధాన మతాన్ని ప్రదర్శించాలి. భూమి తరఫున కమాండర్ సింక్లెయిర్ రాయబారుల్ని ఒక పొడవాటి వరుస దగ్గరికి తీసుకెళ్తాడు. మొదటి మనిషి నాస్తికుడు. పక్కన క్యాథలిక్ ఫాదరు, జెన్ బౌద్ధుడు, ముస్లిం, యూదు, ఇంకా అలా అలా. ఒక్కొక్కరి పేరూ చెప్పి చేతులు కలిపిస్తుంటాడు. వరుస ఎక్కడ ముగుస్తుందో కెమెరా చూపించదు. ఇందులో ఏది గొప్పదని ఎవరూ అడగరు.

అదే సీజన్లో ఒక బాధాకరమైన కథ కూడా ఉంది. ఒక పిల్లాడికి ప్రాణం మీదికొస్తుంది, చిన్న ఆపరేషన్ చేస్తే బతుకుతాడు. కానీ శరీరాన్ని కోస్తే ఆత్మ జారిపోతుందని తల్లిదండ్రుల నమ్మకం. డాక్టర్ ఫ్రాంక్లిన్ బతిమాలతాడు, వాదిస్తాడు, కమాండర్ని అడుగుతాడు. కమాండర్ తల్లిదండ్రుల ఇష్టం కాదనలేనంటాడు. చివరికి ఫ్రాంక్లిన్ ఎవరి మాటా వినకుండా ఆపరేషన్ చేసేస్తాడు. పిల్లాడు లేచి కూర్చుంటాడు, నవ్వుతాడు. తల్లిదండ్రులు వచ్చి చూసి, వీడు మా వాడు కాదు, ఖాళీ పెంకు అంటారు. ప్రయాణపు బట్టలు కట్టి తీసుకెళ్ళి చంపేస్తారు. పెంకుకి బాధ లేకుండా చేశామంటారు. అందులో ఎవరూ దుర్మార్గులు కారు. డాక్టరు చెప్పిన ప్రతి ముక్కా నిజం. అయినా పిల్లాడు దక్కలేదు.

ఫ్రాంక్లిన్‌కి రుజువులున్నాయి, ఆ తల్లిదండ్రులతో ఒక్క పూట సంబంధం కూడా లేదు. అక్కడే నాకు గోరా గారు గుర్తొస్తారు. గోపరాజు రామచంద్రరావు గారు, వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. మన కాకినాడలోనే చదివారు, పాఠాలూ చెప్పారు. నాస్తిక భావాల వల్ల ఉద్యోగాలు పోయాయి. 1940లో పక్క డెల్టాలో, కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. ఆయన ఊళ్ళో కాపురం ఉన్నారు, అన్ని కులాలవాళ్ళతో సహపంక్తి భోజనాలు పెట్టారు. ఆయన భార్య సరస్వతి గారు గర్భంతో ఉండి నలుగురి ముందూ సూర్యగ్రహణం చూశారు. గ్రహణం మొర్రి గురించి ఎన్ని ఉపన్యాసాలిస్తే ఆ ఒక్క పనికి సాటి వస్తాయి చెప్పండి? తన ఒంటి మీదే, తన బిడ్డ మీదే పరీక్ష పెట్టుకుంది ఆ తల్లి. గోరా గారి కూతురు మనోరమ గారికీ, దళితుడైన అర్జునరావు గారికీ పెళ్ళి నిశ్చయమైతే, గాంధీ గారు తానే జరిపిస్తానన్నారు. దేవుడి పేరు రాకుండా సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ పెళ్ళి చూడకుండానే గాంధీ గారు హత్యకి గురయ్యారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్ళి జరిగింది. అంత దైవభక్తుడు నాస్తికుడి కోసం మంత్రం మార్చడానికి సిద్ధపడ్డాడు! అంతరిక్షంలో ఏ రాయబారీ చెయ్యలేని పని అది. ఇది ఏ టీవీ రచయితా ఊహించి రాయలేదు, మన పక్క జిల్లా కుటుంబంలో జరిగింది.

నేను చెప్పదలుచుకున్నవి చెప్పాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక పెద్దాయన:) అంతా బానే ఉందండీ. చావు ముంగిట నిలబడ్డవాడికి మీ నాస్తికత్వం ఏం చెప్తుందండి?

మంచి ప్రశ్న బాబాయి గారూ. స్టార్ ట్రెక్ వాయేజర్‌లో 1997లో సరిగ్గా దీని మీదే ఒక కథ వచ్చింది. నీలిక్స్ అని ఎప్పుడూ నవ్వుతూ వండిపెట్టే మనిషి. యుద్ధంలో పోయిన తన కుటుంబం అంతా ఒక మహావృక్షం కింద తన కోసం ఎదురుచూస్తోందని నమ్మకం. అతను చనిపోతాడు. గంటల తర్వాత కొత్త వైద్యంతో మళ్ళీ బతికిస్తారు. అతనికి అక్కడ చెట్టూ లేదు, చెల్లీ లేదు. ఏమీ లేదు. ఇక బతకడం దేనికని ప్రాణం తీసుకోబోతాడు. స్నేహితుడు ఎన్నో చెప్తాడు, ఏదీ ఎక్కదు. అప్పుడు ఓడలో ఉన్న చిన్నపిల్లకి నిద్ర పట్టట్లేదని, నీలిక్స్ మావయ్య వస్తేనే పడుకుంటానంటోందని తల్లి వస్తుంది. అతను వెళ్తాడు. పిల్ల మహావృక్షం గురించి అడిగితే ఏం చెప్పాలో తెలియక తడబడతాడు కూడా. నాస్తికత్వం మీకు స్వర్గం చూపించలేదండి, చూపిస్తానంటే అబద్ధం. పోయినవాళ్ళు లేని లోటు లోటుగానే ఉంటుంది. మన కోసం నిద్రపోకుండా చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు కదా అన్నది ఒక్కటే అది చూపించగలదు. మీకు అది చాలకపోవచ్చు. మీ నమ్మకం మీకు ఓదార్పు ఇస్తుంటే దాన్ని లాగేసుకోవడానికి నేను రాలేదు.

(ఒక అమ్మాయి:) మన భాషలో ఇలాంటివి ఎందుకు రావట్లేదు మాస్టారూ? రాస్తే ఎలా రాయాలి?

రావాలమ్మా. పురాణాల సీరియళ్ళకి పెట్టే డబ్బులో పదోవంతు చాలు. కథ కోసం వేరే గ్రహానికి వెళ్ళక్కర్లేదు. ఉప్పాడలో సముద్రం ఇళ్ళనీ గుళ్ళనీ మింగుతోంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది, ఇప్పటి లెక్కలో మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే. ఇంకో వందేళ్ళ తర్వాత వరదని ఇంటింటికీ ముందే చెప్పే ఒక యంత్రం మన లంకల్లో ఉందనుకో. మొదటి ఏడు చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. రెండో ఏడు దానికి పసుపు కుంకుమ పెడతారు. మూడో ఏడు అది చెప్పకపోతే గట్టు మీదికి ఎవరూ వెళ్ళరు. దాన్ని నడిపే పిల్లకి మాత్రం తెలుసు, అది తప్పు కూడా చెప్తుందని. చెప్తే జనం దాన్ని వదిలేస్తారు, హెచ్చరిక వచ్చినా కదలరు. చెప్పకపోతే ఏదో ఒక రాత్రి మునిగిపోతారు. ఆ పిల్ల ఏం చెయ్యాలో నువ్వే రాయి. వరద రాత్రుల్లో గట్టు కాసినవాళ్ళు, లాకుల మీద పనిచేసి రిటైరైనవాళ్ళు ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళని అడిగి రాసుకో. మొదటి భాగం రాశాక ఇక్కడికే పట్రా, అందరం కూర్చుని చదువుదాం.